విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినవాడు

గోదావరి జిల్లాల్లో భోజనానికి కూర్చున్న మనిషి "చాలండీ" అన్నాడంటే ఇంకో రెండు గరిటెలు వెయ్యమని అర్థం. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వడ్డిస్తాం. ఇంత మర్యాద తెలిసిన సీమలో ఈమెయిలు వ్యాపారం వర్ధిల్లకపోవడం విచారణ కమిషన్ వెయ్యదగ్గ విషయం.

తప్పు, వేలమందికి ఒకేసారి మెయిళ్లు పంపిపెట్టే ప్లాట్‌ఫారంది అని మన ఏకగ్రీవ తీర్మానం. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది గనక దేశమంతటికీ మెయిళ్లు పంపాల్సిందే. కొట్టు యజమాని మేనల్లుణ్ణి పిలిచి, "ఒరేయ్, ఊరికే వచ్చేది చూడరా" అంటాడు. "బ్రెవో ఉంది మావయ్యా, రోజుకి 300 ఉచితం" అంటాడు వాడు. ఖాతాదారులు 4,000 మంది. భోగినాడు మొదలుపెడితే ఆఖరి బ్యాచికి సంక్రాంతి శుభాకాంక్షలు పద్నాలుగో రోజున, రిపబ్లిక్ డే జెండా ఎగిరే వేళకి అందుతాయి.

డబ్బు కట్టే ప్లాన్లలో రెండు రకాల లెక్కలున్నాయి. మెయిల్‌చింప్ అనే ఇంకో ప్లాట్‌ఫారంది తలకింత. బ్రెవోది పంపే మెయిళ్లను బట్టి. సంక్రాంతికి, రాఖీకి, దీపావళికి మాత్రమే నోరు విప్పే కొట్టుకి రెండో లెక్కే చవక. తలల లెక్కలో ఒక విశేషం కూడా ఉంది: "నాకొద్దు" అని లేచిపోయినవాణ్ణి మనం ఆర్కైవ్ చేసి పక్కన పెట్టేదాకా వాడి విస్తరికీ మెయిల్‌చింప్ డబ్బు వసూలు చేస్తుంది. పెళ్లిళ్లకి వండే కేటరింగువాళ్లకి కూడా ఇంతవరకు తట్టని ఆలోచన.

ఇంత చేసీ పంపే చిరునామాగా కొట్టు పేరిట పాత జీమెయిలే ఉంచుతారు. మోసుకెళ్లేది జీమెయిల్ కాదు, కవరు మీద మాత్రం జీమెయిల్ పేరు. కవరు మీది పేరూ మోసుకొచ్చినవాడి పేరూ పొసగుతాయా అని చూసే డీమార్క్ పరీక్షలో అది అక్కడే దొరికిపోతుంది. సొంత డొమైన్ కొనాలి, దాని డీఎన్ఎస్ అనే చిట్టాలో ఎస్‌పీఎఫ్ (మన పేరిట ఎవరు పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిలు మీది సంతకాన్ని సరిచూసే తాళంచెవి), డీమార్క్ రాయాలి. మేనల్లుడు బోల్తా కొట్టేది రెండు చోట్ల. ఆఫీసు మెయిలు నడిపే గూగుల్ వర్క్‌స్పేస్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ముందే ఉంటే దాని పక్కన ఇంకోటి పెడతాడు. ఒక డొమైన్‌కి రెండుంటే రెండూ చెల్లవు, ఒకే వరుసలో కలిపి రాయాలి. ఇక డీకిమ్ హోస్ట్ పేరు మొత్తం అతికిస్తాడు. కొన్ని డొమైన్ ప్యానెళ్లు చివర డొమైన్ పేరును వాటంతటవే చేరుస్తాయి, దాంతో ఇంటిపేరు రెండుసార్లు పడుతుంది. ప్లాట్‌ఫారం "ధ్రువీకరణ కాలేదు" అంటుంది. మావయ్య ప్లాట్‌ఫారం మారుస్తాడు.

చౌక ప్లాన్లలో ఐపీ అడ్రసు, అంటే మెయిళ్లు బయల్దేరే సర్వరు నంబరు, ఉమ్మడిదే, పంట కాలువలాగ. ఎగువన ఎవడో రొయ్యల చెరువు నీళ్లు వదిలితే దిగువ చేలకి చేటు. అందుకే కొన్న జాబితాలు తెచ్చేవాళ్లని మంచి ప్లాట్‌ఫారం నిర్దాక్షిణ్యంగా గెంటేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో చవగ్గా 50,000 చిరునామాలు తెచ్చుకున్న పెద్దమనుషులకి ఇది ఘోర అవమానంగా తోస్తుంది. వాటిలో సగం చచ్చినవైతే తప్పు వాళ్లదా?

అసలు ఘర్షణ మర్యాద దగ్గరే. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఒక పరాయి ఆచారాన్ని తెచ్చిపెట్టాయి. జీమెయిల్ లెక్కలో రోజుకి 5,000 దాటి పంపేవాళ్లు ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే దారి ఇవ్వాలి, రెండు రోజుల్లో పేరు తీసెయ్యాలి. చిన్నా పెద్దా తేడా లేకుండా స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపే ఉండాలి. అంటే వెయ్యిమందిలో ముగ్గురు మొహం చిట్లిస్తే పంక్తి మొత్తానికి చేటు. మనవాళ్లు ఆ లంకెని బూడిదరంగు చిన్నక్షరాల్లో అడుగున దాస్తారు. పైన మామిడి తోరణాలు, రథం ముగ్గు, పదహారు ధరల పట్టికలు పేర్చేసరికి కోడు 102 కేబీ దాటుతుంది, జీమెయిల్ అక్కడికి కత్తిరించేస్తుంది. లంకె కత్తిరించిన భాగంలోనే పోతుంది. వెళ్లే దారి కనబడని అతిథి స్పామ్ మీట నొక్కుతాడు. పాపం, వాడికి ఇంకేం మిగిలింది?

"అయినా 60 శాతం మంది తెరిచారుగా" అని యజమాని రిపోర్టు చూపిస్తాడు. మెయిల్లోని బొమ్మ దిగితే తెరిచినట్టు లెక్క; 2021 నుంచి యాపిల్ మెయిల్ తనే ముందుగా బొమ్మలు దించుకుని, తెరిచినట్టు లెక్కలో వేయిస్తోంది. విస్తరి వేసినంత మాత్రాన తిన్నట్టా? ఆర్డర్లెన్ని వచ్చాయో చూడమంటే మాట మారుస్తాడు.

వచ్చే దీపావళికి ఇంకో ప్లాట్‌ఫారం ఎక్కుతారు. ఎక్కేటప్పుడు పాతదాన్నుంచి ఖాతాదారుల జాబితా దించుకుంటారు గానీ, వద్దన్నవాళ్ల జాబితా విడిగా దించుకుని కొత్తదాంట్లో అలాగే "వద్దన్నవాళ్లు"గా ఎక్కించడం ఎవరికీ గుర్తుండదు. అన్నీ కలిపి ఒకే ఫైలుగా ఎక్కిస్తారు. మూడేళ్ల కిందట చెయ్యి కడుక్కుని వెళ్లిపోయినవాడికి కూడా దీపావళి పొద్దున్నే మళ్లీ నెయ్యి వేసి, బెల్లం చల్లి, పూతరేకు మడతపెట్టి మొదటి వడ్డన.