క్యారమ్ బోర్డు గారికి ఒక కోడలి విన్నపం

మహారాజశ్రీ క్యారమ్ బోర్డు గారికి, నెల్లూరు వేదాయపాలెంలోని తమ ఇంటి కోడలు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు, నడి హాల్లో ఫ్యాను కింద ఉన్నది తమరే కదా.

తమ ఇల్లు అని ఊరికే అనలేదు. ప్లాను గీయడానికొచ్చిన ఇంజనీరు బెడ్‌రూములు ఎన్నని అడిగితే, మా మామయ్య మీ కొలతలు చెప్పారు. ఆడే చదరం 74 సెంటీమీటర్లు, చుట్టూ చెక్క, నాలుగు పక్కలా కుర్చీలు, వాటి వెనక నడిచే దారి, చూసేవాళ్లకు గోడ వారన అరుగు. హాలు పెరిగినంత మేరా వంటగది తరిగింది. నాకు అన్యాయం జరక్కూడదని వంటగది గోడకు ఒక కిటికీ పెట్టించారు. "ఆట మొత్తం కనిపిస్తుందమ్మా, నువ్వూ మాతో ఉన్నట్టే" అన్నారు. కనిపిస్తుంది, కాదనను. టీ గ్లాసులు కూడా అందులోంచే పోతాయి.

మూడు తరాలూ ఒకచోట కూర్చోవాలన్నది మామయ్య కోరిక. మంచిదే. అయితే మేం తొమ్మిదిమందిమి, తమకున్నవి నాలుగు పక్కలు. ఈ లెక్క శంకుస్థాపన రోజు కూడా ఎవరికీ తట్టలేదు.

బ్రహ్మస్థానంలో, అంటే ఇంటి నట్టనడుమ, బరువు పెట్టకూడదని సిద్ధాంతి గారు స్తంభం వద్దన్నారు, మెట్లు వద్దన్నారు, అత్తయ్య పూలకుండీ కూడా వద్దన్నారు. తమరి దగ్గరికొచ్చేసరికి, కాళ్లున్న వస్తువు జరుగుతుంది గనుక దోషం లేదని తేల్చేశారు. ఇంతవరకు జరిపిన పాపాన పోయినవాళ్లు లేరు.

ఇక ఆ నేల! మామయ్య చీమకుర్తి దాకా పోయి మరీ బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ తెచ్చారు. నల్లరాయి, అందులో బంగారు చుక్కలు, అద్దంలాంటి పాలిష్. దాని మీద నల్లకాయ పడిందంటే ఎవడబ్బ తరం వెతకడం? లైటేమో తమ నెత్తిన తప్ప ఇంకెక్కడా వెలగదు. మామయ్య కుర్చీలోంచి లేవకుండా చెప్పు విడిచి, బొటనవేలితో నేలంతా తడుముతారు. దొరకగానే వేళ్ల సందున ఇరికించి పైకి లేపుతారు. ఆ కాయే మళ్లీ బోర్డు మీదికి, ఆ చేతులే మళ్లీ నా పకోడీల ప్లేటులోకి. పక్కనే, కాయలు జారడానికి తమ మీద చల్లిన బోరిక్ పౌడర్ రాలి ఉంటుంది. నున్నటి రాయి, దాని మీద పౌడరు, దాని మీద డెబ్బై దాటిన మోకాళ్లు. పెద్దవాళ్లున్న ఇల్లు, బాత్‌రూములో పట్టుకోవడానికి ఒక కడ్డీ వేయించండి అంటే బడ్జెట్ దాటిపోయిందన్నారు. తమ లైటుకు డోము మాత్రం చెన్నై నుంచి వచ్చింది.

మామయ్య రాజ్యాంగంలో నల్లకాయ 10, తెల్లకాయ 20, రెడ్ 50. మా పెద్దోడు క్యారమ్ కోచింగ్‌కు పోయి ఫెడరేషన్ రూల్స్ మోసుకొచ్చాడు. ఏ కాయైనా ఒకటే పాయింటు, రెడ్‌కు 3, అదీ మన స్కోరు 22 చేరితే దానికి సున్నా. రాత్రికి రాత్రి 50 కాస్తా 3 అయిపోతే ఆయనకు ఎట్టుంటది?

"క్యారమ్ ఛాంపియన్, చెన్నై మరియ ఇరుదయం కూడా ఇట్టనే ఆడినాడా?" అని ఆయన కేక.

"ఇట్టా ఆడినందుకే తాతా, 1996లో అర్జున అవార్డు ఇచ్చింది" అని వీడు.

అంతే, మాటల్లేవు. కలిసుండడానికి కట్టిన హాల్లో ఎదురెదురుగా కూర్చుని నా కిటికీ ద్వారా మాట్లాడుకున్నారు. "అమ్మా, తాతను స్ట్రైకర్ ఇమ్మను." "వాణ్ణి ముందు పెద్దలతో మాట్లాడటం నేర్చుకోమనమ్మా."

మొన్నటి తుఫాను వానలకు తమ ప్లైవుడ్ ఉబ్బింది. కాయలన్నీ వాటంతటవే ఒక మూలకు జారుతున్నాయి. ఇంక తమరికి సెలవేనని లోపల్లోపల సంతోషించాను. మామయ్య ఫోన్‌లో దిక్సూచి పెట్టి చూశారు. ఆ మూల ఈశాన్యమట. వాలు ఈశాన్యానికి ఉంటే ఇంటికి మంచిదట.

తమరు ఎటూ కదలరని తేలిపోయింది గనుక, నాదొక కోరిక. వచ్చే ఆదివారం మామిడికాయ ముక్కలేసి చేపల పులుసు పెడతాను. అది ఉడికేలోపు మామయ్య కుర్చీలో కూర్చుని ఒక గేమ్ నేనాడతాను. ఆయన్ను పొయ్యి దగ్గర నిలబడమనండి, ఆట మొత్తం కనిపిస్తుంది. పులుసులో గరిటె పెట్టి కలపొద్దని మాత్రం చెప్పండి, ముక్కలు చితికిపోతాయి. గిన్నె అంచులు పట్టుకుని తిప్పాలి.

ఇట్లు,
కిటికీ అవతల నుంచి,
తమ ఇంటి కోడలు