అప్‌స్టేజ్ గ్రీకుల మాట కాదు

నాటకాల వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. క్రీ.పూ. 534 నవంబర్ 23న థెస్పిస్ స్టేజీ ఎక్కి ప్రపంచంలో తొలి నటుడయ్యాడట. అప్‌స్టేజ్, డౌన్‌స్టేజ్ గ్రీకుల మాటలేనట. వాళ్ళ ముఖోటాల (మాస్కుల) నోట్లోనే గొంతు పెంచే మైకులాంటిది ఉండేదట. ప్రేక్షకుల ముందు చావు చూపించడం నిషిద్ధమట. ఆఖరికి మన సంస్కృత నాటకాల తెర, యవనిక కూడా యవనులు, అంటే గ్రీకులు, పెట్టిన భిక్షేనట.

ముందు ఆ తేదీ. గ్రీకుల పారోస్ దీవికి చెందిన క్రీ.పూ. 3వ శతాబ్దపు రాతి శాసనం థెస్పిస్ నాటకం ఆడాడనీ, మేకను బహుమతిగా పెట్టారనీ చెబుతుంది. ఆ పంక్తి కొంత చెదిరిపోయింది. 534 ప్రాంతం అన్నది దాన్నిబట్టి కట్టిన లెక్క. మరి నెలా, రోజూ ఎక్కడివి? పైగా ఏథెన్స్‌లో విషాద నాటకాల పోటీలు జరిగే పెద్ద డయొనీసియా పండుగ వసంతంలో వస్తుంది, నవంబర్‌లో కాదు. అరిస్టాటిల్ అయితే తన కావ్యశాస్త్రంలో థెస్పిస్ పేరే ఎత్తలేదు. డిథిరాంబ్ అనే బృందగానాన్ని నడిపించిన వాళ్ళ నుంచి విషాద నాటకం పుట్టిందన్నాడు. ఒక్క నటుణ్ణి ఇద్దరు చేసింది నాటకకర్త ఈస్కిలస్, ముగ్గుర్ని చేసింది మరో నాటకకర్త సొఫొక్లిస్ అన్నాడు.

నాకు ఎక్కువ ఒళ్ళు మండింది రెండో మాటకి. అప్‌స్టేజ్ అంటే వేదిక వెనక భాగం, డౌన్‌స్టేజ్ అంటే ముందు భాగం. రినైసాన్స్ తర్వాత యూరప్‌లో వేదికను వెనక్కి పోయేకొద్దీ ఎత్తుగా, వాలుగా కట్టేవారు. వెనక్కి నడవడమంటే ఎక్కడమే, అందుకే ‘అప్’. గ్రీకుల దగ్గర వాలు జనం వైపు ఉండేది. ఏథెన్స్‌లోని అక్రొపొలిస్ కొండ దక్షిణపు వాలు మీద జనం, కింద ఆట. థియాట్రాన్ అంటే చూసే చోటు, అంటే జనం కూర్చునే జాగా. ఆర్కెస్ట్రా అంటే వాయిద్యాల గుంపు కాదు, కోరస్ (పాడుతూ ఆడే బృందం) ఆడే నేల. స్కెనే అంటే డేరా, నటులు వేషం మార్చుకునేది అక్కడే. ‘సీన్’ దాని బిడ్డే. (మన నేపథ్యం కూడా మొదట వేషాలు వేసుకునే గదే. ఇప్పుడు ‘కుటుంబ నేపథ్యం’ అని రాసేస్తున్నాం.) క్రీ.పూ. 5వ శతాబ్దంలో స్కెనే ముందు అరుగు ఉందా, ఉంటే ఎంత ఎత్తు అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అలాంటి దానికి అప్ ఏమిటి, డౌన్ ఏమిటి!

ముఖోటాల సంగతి చెప్పాలంటే, అప్పటివి ఒక్కటీ మిగల్లేదు. బట్టతో, చెక్కతో చేసినవి ఎన్నాళ్ళుంటాయి? మ్యూజియంలో కనిపించేవి మట్టితోనో రాతితోనో చేసిన ప్రతిరూపాలు. వాటి నోరు చూసి మైకు ఉందనడం ఊహే.

ఇక చావు. హత్యలు ప్రేక్షకులకు కనపడకుండా జరగడం, దూత వచ్చి చెప్పడం వాడుకే కానీ చట్టం కాదు. క్రీ.పూ. 438లో నాటకకర్త యూరిపిడిస్ ఆడించిన ‘ఆల్సెస్టిస్’లో నాయిక భర్త, పిల్లల ఎదుట, ప్రేక్షకులు చూస్తుండగానే ప్రాణం విడుస్తుంది.

యవనిక పేరులో యవనులు ఉన్నమాట నిజమే అనిపిస్తుంది. ఆ బట్ట వాళ్ళ వైపు నుంచి వచ్చిందని కొందరూ, జవనిక అన్నదే అసలు రూపమని కొందరూ అంటారు. ఏదైనా కానివ్వండి, ఆనాటి ఏథెన్స్ నాటకానికి ముందు తెరే లేదు. కోరస్ పక్కదారుల్లోంచి అందరూ చూస్తుండగా నడిచి వచ్చేది. మన యవనిక కూడా ప్రేక్షకులకు అడ్డంగా వేసేది కాదు, నటుల వెనక, నేపథ్యం వైపు వేలాడేది.