దేశవాళీ చెట్లు ఇంటికి చేటా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

బెంగళూరులో మా లేఔట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో వారం తిరగకుండా ఒకే మెసేజ్ మూడుసార్లు వచ్చింది. "ఇంటి దగ్గర దేశవాళీ చెట్లు వద్దు. వేళ్లు పునాదిని చీలుస్తాయి, పురుగులు పడతాయి, పెరగడానికి ఏళ్లు పడుతుంది, నర్సరీల్లో దొరకవు. కోనోకార్పస్ పెట్టుకోండి, ఏడాదంతా పచ్చగా ఉంటుంది" అని. అది నమ్మి మా ఎదురింటివాళ్లు గుంత కూడా తవ్వించారు. అందుకే రాస్తున్నాను.

ముందు వేళ్ల సంగతి. రావి, మర్రి, మేడి గోడ పక్కన పెడితే ప్రమాదమే, ఒప్పుకుంటాను. కానీ దేశవాళీ అంటే ఆ మూడే కాదు కదా! థర్టీ ఫార్టీ సైట్‌లో, అంటే ముప్పై అడుగులకు నలభై అడుగుల స్థలంలో, కాంపౌండ్ గోడకీ ఇంటికీ మధ్య మిగిలే నాలుగడుగుల్లో మనం పెట్టేది పారిజాతం, నూరు వరహాలు, కరివేపాకు, వాక్కాయ. వీటివల్ల పునాదికి వచ్చే టెన్షన్ ఏమీ లేదు. గేటు బయట చోటుంటే కానుగో పొగడో పెట్టొచ్చు. ఇక కోనోకార్పస్ అమెరికా, పశ్చిమాఫ్రికా సముద్ర తీరాల మొక్క. దాని వేళ్లు డ్రైనేజీని, కేబుళ్లను పాడుచేస్తాయని, పుప్పొడి ఊపిరికి మంచిది కాదని గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దని నిషేధించింది. వేళ్లకు భయపడేవాళ్లకు ఎవరైనా ఆ మొక్కే చెబుతారా?

పురుగులు పడతాయన్న మాట నిజం. పడాలి కూడా. కరివేపాకు చెట్టు దగ్గర కాసేపు నిలబడి ఆకులు చూడండి. ఒకచోట పిట్ట రెట్ట అంటుకున్నట్టు ఉంటుంది, నీళ్లు కొట్టి కడిగేద్దామనిపిస్తుంది. అది కామన్ మార్మన్ సీతాకోకచిలుక పిల్ల. పిట్టల కంట పడకుండా ఆ వేషం. కాస్త పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు వేలితో తాకితే తల వెనక నుంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. అది తినేది నాలుగు రెమ్మలు, మన తాలింపుకి కావలసినంత మిగులుతుంది. చాలా పిట్టలు గూట్లో పిల్లలకు తెచ్చిపెట్టేది ఇలాంటి గొంగళిపురుగుల్నే. దయచేసి మందు కొట్టకండి.

నెమ్మదిగా పెరుగుతాయా? పొగడ నెమ్మదే. కానుగ అలా కాదు. మొదటి రెండు వేసవులు నీళ్లు పోస్తే చాలు, తర్వాత దాని మానాన అది పెరుగుతుంది. మా అనంతపురం వైపు ఎండల్ని తట్టుకున్న చెట్టుకి బెంగళూరు ఎండ ఒక లెక్కా!

నర్సరీల్లో దొరకవన్నది సగం నిజం. రోడ్డు పక్క నర్సరీల్లో ముందు వరసలో ఉండేవి రంగురంగుల విదేశీ మొక్కలే. పైగా ఇక్కడ కానుగ అంటే తెలియకపోవచ్చు, హొంగె అనాలి. రేలని కక్కె అనాలి, నేరేడుని నేరళె అనాలి. లాల్‌బాగ్ నర్సరీలో, అటవీశాఖ నర్సరీల్లో అడిగి చూడండి. పేరు విని డబ్బిచ్చేయకండి, ఆకు చూసి కొనండి. నాకు ఒకచోట అశోకమని చెప్పి నరమామిడి అంటగట్టారు. అది కూడా మన చెట్టే, కానీ నాకు కావలసింది అది కాదు. నరమామిడి ఆకు ఒంటరిగా, సన్నగా, అంచు అలలు అలలుగా ఉంటుంది. అసలైన అశోకానికి ఒకే ఈనెకి జతలు జతలుగా ఆకులుంటాయి, లేత చిగుళ్లు రాగి రంగులో మెత్తగా కిందికి వేలాడతాయి. కవర్ అడుగు కూడా తిప్పి చూడండి. వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే ఆ మొక్క వదిలేయండి. ఎత్తుగా ఉన్నదాని కంటే కాండం గట్టిగా ఉన్న చిన్న మొక్క మేలు.

ఎదురింటి గుంత ఇంకా ఖాళీగానే ఉంది. మా కుండీలో గింజ వేసి మొలిపించిన కానుగ మోకాలెత్తు అయింది. జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక దాన్ని తెచ్చి ఆ గుంతలో నేనే నాటుతానని ఆంటీకి చెప్పాను.