స్వాతంత్ర్యానికి మూడు కొటేషన్లు

మా మేనకోడలికి స్వాతంత్ర్యం శాంక్షనైంది. ఐదేళ్లకు. ఉత్తర్వు పీడీఎఫ్‌లో వచ్చింది. రాజమండ్రిలో మా అక్క వీధంతా స్వీట్లు పంచింది. నేను నా వాటా తింటూ ఆ పీడీఎఫ్ చివరిదాకా చదివాను. ఆఖరి పేజీలో ఉన్న షరతుల సంగతి అప్పటికి అమ్మాయికే తెలియదు, పాపం సంతోషంలో ఉంది.

విషయం తెలియనివాళ్ల కోసం చెబుతాను. వైద్య పరిశోధనలోకి దిగినవాళ్లు పీహెచ్‌డీ ఒక గైడు దగ్గర చేస్తారు. పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి శిక్షణ, ఇంకో ప్రొఫెసరు ల్యాబులో చేస్తారు. పదీ పన్నెండేళ్లు ఇంకొకరి ప్రశ్నకు సమాధానం వెతుకుతారు. ఆ తర్వాత సొంత ప్రశ్న, సొంత ల్యాబు, సొంత విద్యార్థులు ఉండాలి. వాళ్ల భాషలో స్వాతంత్ర్యమంటే అదే. ఈ గట్టుకూ ఆ గట్టుకూ మధ్య ఒక పంటకాలువ ఉంటుంది. దాని మీద వేసే తాటిదుంగ పేరే ఫెలోషిప్. దుంగ మీద నడిచేవాళ్లకు జీతం ఇస్తారు, పరిశోధనకు కొంత ఖర్చు ఇస్తారు. అవతల గట్టు ఉందా లేదా అన్నది మాత్రం స్కీములో భాగం కాదు.

దుంగలకు కొదవ లేదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వారి ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఉంది: నెలకు లక్షా పాతిక వేలు, పరిశోధనకు ఏడాదికి ఏడు లక్షలు. విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్లకు బయోటెక్నాలజీ శాఖ ఇచ్చే రామలింగస్వామి ఫెలోషిప్ ఉంది. అదే శాఖ, లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ ఉంది, దాని ఆఫీసు మన హైదరాబాదులోనే. ఆ కార్యక్రమం మూడో దశకు 2025 అక్టోబరు 1న కేంద్ర క్యాబినెట్ 1,500 కోట్లు ఒప్పుకుంది. అందులో వెయ్యి మనది, ఐదు వందలు వాళ్లది. మా అమ్మాయిది వీటిలో ఒకటా, ఇవేవీ కానిదా అన్నది చెప్పను. చెబితే రెండో విడత డబ్బు ఆగుతుంది.

ఈ ఏర్పాటును తిట్టేవాళ్లు ఊరికొకరు ఉన్నారు. నేను ఆ బాపతు కాదు. నిదానంగా ఆలోచిస్తే ఇందులో ఎంత దయ ఉందో అర్థమవుతుంది.

ముందు వయసు సంగతి చూడండి. 2014 నాటి జాతీయ యువజన విధానం ప్రకారం 15 నుంచి 29 ఏళ్ల వాళ్లు యువత. అదే కేంద్రం శాస్త్రవేత్తలకిచ్చే విజ్ఞాన్ యువ పురస్కారానికి 45 ఏళ్ల దాకా యువతే. సైన్సులో చేరినందుకు పదహారేళ్లు అదనపు యవ్వనం! ఏ లేహ్యం ఇస్తుందండీ ఇంత? మా అమ్మాయికి 36. బంధువుల లెక్కలో ఏనాడో వయసు మీరింది. కమిటీ లెక్కలో ఇంకా తొలి దశలోనే ఉంది. ఇద్దరిలో మర్యాదస్తులెవరో మీరే చెప్పండి. ఆ మర్యాద బ్యాంకు దాకా వెళ్లలేదంతే. ఇంటి లోను కోసం వెళ్తే మేనేజరు అడిగాడట, "పర్మనెంటేనామ్మా?" అని.

"ఇండిపెండెంట్ అండి" అంది.

"ఆ కేటగిరీ మా సిస్టంలో లేదమ్మా" అన్నాడు.

అసలు ఆ ఇండిపెండెన్సు ఎలా రుజువవుతుందో తెలుసుకోవాలి. అభ్యర్థి స్వతంత్రంగా ఆలోచిస్తుంది, స్వతంత్రంగా పనిచేస్తుంది అని ఇతరులు రాసివ్వాలి. పాత గైడు ఒక ఉత్తరం. పోస్ట్‌డాక్ ప్రొఫెసరు ఒక ఉత్తరం. ఇక హోస్ట్ ఇన్‌స్టిట్యూటు, అంటే మనకు చోటిచ్చే సంస్థ, బల్లా కుర్చీ కరెంటూ ఇస్తామని లెటర్‌హెడ్ మీద హామీ ఇవ్వాలి. ఆ లెటర్‌హెడ్ కోసం అమ్మాయి నాలుగుసార్లు వెళ్లింది. ఒకసారి డైరెక్టరు గారు టూర్లో ఉన్నారు. ఒకసారి డైరెక్టరు గారున్నారు, స్టాంపు టూర్లో ఉంది. పిల్ల ఒంటరిగా తిరగగలదు అని పదిమంది చేత సంతకాలు పెట్టించి, ఆ పదిమందినీ వెంటబెట్టి పంపడం మన సంప్రదాయమే కదా. సైన్సు దాన్ని కాపాడుతోంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈ మాట వింటే నవ్వుతారు. వాళ్లకూ ఉందొకటి, కె99/ఆర్00 అని, 2006లో పెట్టారు. పూర్తి పేరులోనే స్వాతంత్ర్యానికి దారి అని ఉంది. మొదటి రెండేళ్లు పెద్దవాళ్ల నీడన ఉంటారు, ఆ తర్వాత ఎక్కడైనా ఫ్యాకల్టీ ఉద్యోగం దొరికితే మిగతా మూడేళ్ల డబ్బు విడుదలవుతుంది. పౌరసత్వం లేకపోయినా అప్లై చేయొచ్చు కాబట్టి వీసా మీదున్న మన పిల్లలు చాలామంది దాని మీదే ఆశ పెట్టుకుంటారు. అక్కడ ఉద్యోగం దొరికితేనే స్వాతంత్ర్యం. ఇక్కడ స్వాతంత్ర్యం ఇచ్చి, ఉద్యోగం నువ్వే చూసుకో అంటారు. ఎవరిది పెద్ద మనసు? అయినా అక్కడ కూడా తొలి పెద్ద గ్రాంటు చేతికొచ్చేసరికి నలభై దాటుతున్నాయట. నవ్వేవాళ్లు కాస్త చూసుకుని నవ్వాలి.

ఇప్పుడు అసలు కథ, ఫ్రీజరు.

మా అమ్మాయి పని క్షయ మీద. ప్రపంచంలో క్షయ రోగులు నలుగురుంటే ఒకరు మన దేశంలోనే ఉన్నారు. 2025 కల్లా క్షయను అంతం చేయాలని దేశం గడువు పెట్టుకుంది. క్షయ ఆ సర్క్యులర్ చదవలేదు. మందులు సరిగ్గా వాడినా కొందరికి ఎందుకు తిరగబెడుతుందో రోగుల రక్తంలో వెతకాలన్నది ఈమె ప్రశ్న. రక్తం తీస్తే దాచడానికి మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరు కావాలి. మంచిదానికి ఏడెనిమిది లక్షలవుతుంది. ఏడాదికి ఏడు లక్షలిచ్చే స్కీములో అయితే మొదటి ఏడాదంతా ఫ్రీజరు కొని, దాని తలుపు తీసి, లోపలికి చూసి, వేయడమే పరిశోధన.

ఫ్రీజరుకు మూడు కొటేషన్లు కావాలి. ముందు జెమ్ పోర్టల్‌లో, అంటే ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ బజారులో, వెతకాలి. అక్కడ లేకపోతే, లేదు అని ఆ పోర్టలే ఇచ్చే రిపోర్టు ఒకటి ఫైలుకు పెట్టాలి. లేని వస్తువు లేదని, అది లేని చోటే రాసిచ్చే ఈ ఏర్పాటును నేను మనసారా మెచ్చుకుంటాను. మన తర్కశాస్త్రంలో అభావం కూడా ఒక పదార్థమే అని పెద్దలు వాదించారు. దాన్ని కాగితం మీద ప్రింటు తీసి చూపించిన ఘనత మాత్రం మన కాలానిదే. ఇక ఒక యాంటీబాడీ ఉంది, పరీక్షలకు వాడే ప్రొటీను, సీసాలో కంటికి ఆనని చుక్క. ప్రపంచంలో ఒక్క కంపెనీయే చేస్తుంది. మేమొక్కరమే చేస్తాం అని ఆ కంపెనీ చేతే రాయించి తేవాలి, దాన్ని ప్రొప్రైటరీ సర్టిఫికెట్ అంటారు. కంపెనీవాళ్లు సంతోషంగా రాసిస్తారు. రాశాక రేటు పెంచుతారు.

న్యాయంగా చెప్పాలంటే, 2025 జూన్‌లో కేంద్రం నిబంధనలు సడలించింది. పరిశోధన సామగ్రి రెండు లక్షల లోపైతే కొటేషన్లు లేకుండా కొనుక్కోవచ్చు, అవసరమైతే సంస్థ అధిపతి జెమ్ బయట కొనడానికి అనుమతివ్వచ్చు. మంచి మాట. అమ్మాయి ఆ ఉత్తర్వు ప్రింటు తీసుకుని అకౌంట్సు సెక్షనుకు వెళ్లింది. అక్కడి పెద్దాయన కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివి, "చాలా బాగుంది. మాకు ఇంకా రాలేదు" అన్నాడు.

"మీ చేతిలోనే ఉంది కదండీ" అంది.

"ఇది మీరు తెచ్చింది. మాకు రావాలి" అన్నాడు.

2024 జులై బడ్జెట్టు సంగతి మరీ బాగుంటుంది. ప్రయోగశాల రసాయనాల మీద దిగుమతి సుంకం 10 శాతం నుంచి ఒక్కసారిగా 150 శాతానికి పోయింది. ల్యాబు పేరు చెప్పి ఆల్కహాల్ తెప్పించుకునేవాళ్లను ఆపడానికట. దేశంలో ల్యాబులన్నీ గగ్గోలు పెడితే కొద్దిరోజులకే, పరిశోధనకు వాడేవాళ్ల వరకు మళ్లీ పాత రేటుకే వచ్చింది. ఆ కొద్దిరోజులూ మా అమ్మాయి టెన్షన్ చూడాలి. రెండు వారాల్లో సుంకం పెరిగి తగ్గింది గానీ, ఆమె ఇండెంటు, అంటే ఫలానాది కొనండని పెట్టిన కాగితం, మాత్రం ఉన్నచోటి నుంచి కదల్లేదు. అంటే ఆలస్యం వల్ల ఆమెకు 140 శాతం లాభం. ఈ కోణంలో ఎవరూ ఆలోచించరు.

ఫెలోషిప్‌లో రెండు గడియారాలుంటాయి. ఒకటి పరిశోధకురాలిది. పీహెచ్‌డీ పట్టా తేదీ నుంచి మొదలై, ఇన్నేళ్లలోపు అప్లై చేయాలి, ఇన్ని నెలల్లో చేరాలి, మూడో ఏడు రివ్యూ, ఐదో ఏడు ముగింపు అని టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. జ్వరమొచ్చినా ఆగదు. రెండోది ఫైలుది. దానికి ముళ్లు ఉండవు. ఫైలుకు పుట్టినరోజు లేదు, వయోపరిమితి లేదు. రోగుల మీద పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది, కోరం లేకపోతే లేస్తుంది. ఆ మూడు నెలలు మొదటి గడియారంలో తగ్గుతాయి గానీ రెండో గడియారానికి కనబడవు.

డబ్బు వచ్చే ఖాతా పేరు జీరో బ్యాలెన్స్ ఖాతా. తమాషాకు అనడం లేదు, నిజంగా దాని పేరు అదే. ఇన్ని ప్రభుత్వ పథకాల్లో పేరుకు తగ్గట్టు నడిచేది నాకు తెలిసి ఇదొక్కటే. ఏడు నెలలు జీతం రాలేదు. పొరపాటున గ్రాంటు డబ్బు ముందే వచ్చి, దాని మీద వడ్డీ పడితే ఆ వడ్డీని భారత్‌కోష్‌లో, అంటే ప్రభుత్వానికి డబ్బు కట్టే పోర్టల్‌లో, తిరిగి కట్టాలి. జీతం ఆలస్యమైనందుకు మనకు వడ్డీ ఇచ్చే కోష్ ఏదైనా ఉందా అని అమ్మాయి అడిగింది. అలాంటి ప్రశ్నలు ఫెలోషిప్ స్వభావానికి విరుద్ధమని నేనే మందలించాను.

ఆ ఏడు నెలల్లో ఒకరోజు సెక్షన్ ఆఫీసరు ఒకాయన ఆమెకు హితబోధ చేశాడు. "యల్లాప్రగడ సుబ్బారావు గారికి ఎవరిచ్చారమ్మా ఫెలోషిప్? బోస్టన్‌లో ఆస్పత్రిలో రాత్రిపూట పనిచేసి చదువుకోలేదా?" అని. మాట నిజమే. భీమవరంలో పుట్టిన ఆయన బోస్టన్ చేరి అలాగే బతికారు. అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ లాంటి సంగతులు బయటపెట్టాక కూడా హార్వర్డ్‌లో ఆయన ఉద్యోగం పర్మనెంటు కాలేదు. 1940లో ఓ మందుల కంపెనీకి వెళ్లిపోయాకే పెద్ద ల్యాబు చేతికొచ్చింది. ఆఫీసరు గారి ఉదాహరణకు నేను తలవంచుతాను. ఒక్క చిన్న తేడా. ఆ ఆస్పత్రివాళ్లు రాత్రిపని జీతం వేళకు ఇచ్చారు కాబోలు.

రామలింగస్వామి గారు కూడా మనవాడే. 1921లో శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో, ఉప్పులో అయోడిన్ కలిపితే గాయిటర్ అనే గొంతువాపు తగ్గుతుందని చూపించినవారిలో ముఖ్యులు. ఇవాళ మన వంటింట్లో ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ అన్న మాట ఉందంటే అందులో ఆయన చేయి ఉంది. ఆ అధ్యయనం 1956లో మొదలై 1972 దాకా సాగింది. ఆయన పేరు మీద ఇచ్చే ఫెలోషిప్ కాలం ఐదేళ్లు.

డాక్టర్ల గోడు వేరే. నాకు తెలిసిన ఒక ఫిజీషియన్‌కు ఇలాంటిదే ఇంకో ఫెలోషిప్ వచ్చింది. వారంలో సగానికి పైగా పరిశోధనకే వదిలేస్తామని ఆస్పత్రి హామీపత్రం ఇచ్చింది. చేరిన మొదటి సోమవారం ఓపీలో చాంతాడంత క్యూ. హామీపత్రం చూపిస్తే సూపరింటెండెంటు గారు, "నిజమే డాక్టర్ గారూ, కానీ పేషెంట్లకు ఆ ఉత్తరం కాపీ మార్కు చేయలేదు కదా" అన్నారట. ఇప్పుడాయన రాత్రి పది తర్వాత డేటా చూసుకుంటున్నాడు. మళ్లీ సుబ్బారావు గారే.

మా అమ్మాయికి రెండో ఏడు నడుస్తోంది. నమూనాలు మాత్రం ఆగలేదు, జిల్లా ఆస్పత్రుల నుంచి వస్తూనే ఉన్నాయి. వాటిని పక్క ల్యాబు ప్రొఫెసరు గారి ఫ్రీజరులో కింది అరలో పెట్టుకుంటోంది. అర మీద ఆయన పేరు స్టిక్కరే ఉంది. ఆ ఉపకారానికి బదులుగా ఆయన పేపర్లో తనది చివరి నుంచి మూడో పేరు, తన పేపర్లో ఆయనది చివరి పేరు. సైన్సు పేపర్లో చివరి పేరంటే ల్యాబు పెద్దది. ఇండిపెండెంట్ సైంటిస్టు అన్న బోర్డు మాత్రం తలుపుకు సొంత ఖర్చుతో చేయించుకుంది.

మొన్న మార్చి 27 సాయంత్రం ఫోన్ చేసింది.

"మామయ్యా, డబ్బు పడింది!"

"శుభం అమ్మలూ! ఫ్రీజరు కొనేయ్ మరి."

"31 లోపు ఖర్చు పెట్టాలి. లేకపోతే వెనక్కి కట్టి యూసీ పంపాలి."

యూసీ అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్, డబ్బు వినియోగించాం అని ఇచ్చే పత్రం. నాలుగు రోజులు. అందులో ఒకటి ఆదివారం. కొనుగోలు కమిటీ చైర్మన్ గారు మనవడి బారసాలకు వెళ్లారు, ఏప్రిల్ 2న వస్తారు. పాత కొటేషన్లలో రెండింటికి చెల్లుబాటు గడువు అయిపోయింది. మూడో కంపెనీ ఆ మోడల్ చేయడం మానేసింది.

ఇవన్నీ తెలియక మా అక్క ఫోన్ లాక్కుని, "ఒరేయ్, దానికి డబ్బులొచ్చాయట, వీధిలో స్వీట్లు పంచేస్తున్నా" అంది. ఆగమన్నాను. మూడు షాపుల నుంచి కొటేషన్లు వచ్చేదాకా ఎవరూ నోరు తీపి చేసుకోవడానికి వీల్లేదన్నాను. వెనక నుంచి మా బావగారు, తాపేశ్వరం కాజా అయితే ప్రొప్రైటరీ కిందకు వస్తుంది, దానికి కొటేషన్లు అక్కర్లేదని వాదించారు.

ఆ మాట కాజాల షాపువాడి చేత రాయించి తెమ్మన్నాను.