సవరణ: కొయోటీ డ్రోన్‌ను వదిలే గొట్టం వ్యాసం 12 అంగుళాలు కాదు, 12 సెంటీమీటర్లు

2014లో ఎడ్వార్డ్ హరికేన్‌లోకి పీ-3 అనే తుపాను పరిశోధన విమానం నుంచి వదిలిన కొయోటీ అనే చిన్న మడత రెక్కల డ్రోన్ గురించి మొన్న రాశాను కదా, అందులో దాన్ని వదిలే గొట్టం వ్యాసం 12 అంగుళాలని వేశాను. తప్పు. దాదాపు 12 సెంటీమీటర్లు. జలాంతర్గాముల చప్పుడు వినడానికి సముద్రంలోకి వదిలే సోనోబాయ్‌ల గొట్టమే అది. పొడవు సుమారు 91 సెం.మీ.

అంకె ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. రెక్కలు మడిచి పక్కపక్కనే పెట్టొచ్చన్న నా మాట కూడా దాంతో పోయింది. ఇంట్లో మిగిలిన 110 ఎంఎం పీవీసీ పైపు ముక్కలో అట్ట రెక్కలు దూర్చి చూశాను. పక్కపక్కన పెడితే ఒక్కోదానికి 5 సెం.మీ. వెడల్పు దక్కడమే గగనం. ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు రెట్టింపు. కాకపోతే విప్పాక ఒక రెక్క కాస్త పైన, రెండోది కాస్త కింద ఉంటుంది. ఆ తేడాను ట్రిమ్‌తో, అంటే డ్రోన్ ఒక పక్కకు ఒరగకుండా చేసే చిన్న సర్దుబాటుతో సరిచేసుకోవాలి.

ఇంకొకటి. గొట్టం దాటగానే రెక్కలు విచ్చుకుంటాయన్నాను. నిజానికి కొయోటీ ముందు తనను పెట్టిన డబ్బాతో సహా పారాచూట్ మీద దిగుతుంది, డబ్బా ఊడాకే రెక్కలు తెరుచుకుంటాయి. విమానం వేగానికి అక్కడే విప్పితే కీళ్లు ఆగుతాయా మరి!

ఎత్తి చూపిన మిత్రుడికి థాంక్స్. పాత పోస్టులో అంకెలు మార్చేశాను, బొమ్మ మాత్రం రేపు.