ఓఆర్‌ఎస్ తాగితే విరేచనాలు పెరుగుతాయా? ఆ మెసేజీలో ఒక్కో మాటకీ జవాబు

"పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ తాగించకండి, తాగినకొద్దీ ఎక్కువవుతాయి. ఒకరోజు కడుపు మాడ్చండి, లంఖణం పరమౌషధం. విరేచనాలు కట్టే బిళ్ల, యాంటీబయోటిక్ వేయండి. వాంతులైతే సెలైన్ తప్ప దారి లేదు." ఫోన్ల నిండా తిరుగుతున్న ఈ మెసేజీని నమ్మి పాటిస్తే పసిప్రాణం మీదికి వస్తుంది.

మొదట ఓఆర్‌ఎస్ సంగతి. చిన్నపేగు గోడలో గ్లూకోజు, సోడియం జతగా లోపలికి వెళ్తాయి, వాటి వెంటే నీరూ వెళ్తుంది. ఇన్ఫెక్షన్‌తో పేగు దెబ్బతిన్నా ఈ దారి చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. అందుకే గ్లూకోజు, సోడియం పాళ్లు సరిగ్గా ఉండాలి. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సిఫారసు చేస్తున్న పొడిలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి. పొటాషియం క్లోరైడు, సిట్రేటు కూడా కలుస్తాయి.

మరి తాగించాక విరేచనాలు ఎక్కువయ్యాయని తల్లులు ఎందుకంటారు? ఓఆర్‌ఎస్ పోయిన నీటిని తిరిగి నింపుతుందే గానీ, విరేచనాలను టక్కున ఆపదు. జబ్బు తన రోజులు తాను తీసుకుంటుంది. రెండో కారణం కలపడంలో పొరపాటు. లీటరు ప్యాకెట్‌లో కొంచెం పొడి గ్లాసు నీళ్లలో ఉజ్జాయింపుగా వేస్తే ద్రావణం చిక్కబడి పేగులోకే నీటిని లాగుతుంది. అప్పుడు విరేచనాలు నిజంగానే పెరుగుతాయి, రక్తంలో సోడియం కూడా ప్రమాదకరంగా పెరగవచ్చు. పేరులో మాత్రమే ఓఆర్‌ఎస్ ఉండే తీపి పానీయాలతోనూ ఇదే చిక్కు. నీళ్లు కాచి చల్లార్చి, ప్యాకెట్ మీద ఎన్ని రాసి ఉంటే అన్ని కొలిచి, పొడి మొత్తం ఒకేసారి కలపాలి. చక్కెర, పాలు, పళ్లరసం చేర్చకూడదు. 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ., ఆపై వయసువారికి 100 నుంచి 200 మి.లీ. పట్టాలి.

వాంతుల మాట మరింత నష్టం చేస్తోంది. దాహంతో ఉన్న బిడ్డ గ్లాసుడు గటగటా తాగితే వాంతి కావడం మామూలే. 10 నిమిషాలు ఆగి చెంచాతో మళ్లీ మొదలుపెట్టాలి. 8 కిలోల బిడ్డకు కొంత నీరు తగ్గిందనుకోండి. కిలోకు 75 మి.లీ. లెక్కన 4 గంటల్లో 600 మి.లీ. కావాలి. 5 మి.లీ. చెంచా రెండు నిమిషాలకొకటి పడితే గంటకు 150, నాలుగు గంటలకు సరిగ్గా 600 మి.లీ. ఓపికగా కూర్చునే మనిషి ఉంటే చాలామంది పిల్లలకు సూది అవసరమే రాదు. బిడ్డ తాగలేకపోయినా, స్పృహ తగ్గినా, చెంచాతో పట్టినా వాంతులు ఆగకపోయినా మాత్రం సెలైన్ కావాలి, ఆలస్యం చేయకూడదు.

లంఖణం పసిపిల్లల విరేచనాలకు పనికిరాదు. దెబ్బతిన్న పేగు పొర తిరిగి కట్టుకోవాలంటే ఆహారం అందాలి. తల్లిపాలు మామూలుకన్నా ఎక్కువసార్లు ఇవ్వాలి. తగ్గాక కూడా రెండు వారాలపాటు రోజూ ఒకపూట అదనంగా పెట్టాలి.

విరేచనాలు కట్టే లోపెరమైడ్ బిళ్లను చిన్నపిల్లలకు వేయకూడదు. పేగు కదలిక ఆగిపోతే నీరు లోపలే నిలిచి పొట్ట ఉబ్బుతుంది. బయటికి విరేచనం కనబడదు గనక తగ్గిందనుకుంటారు, లోపల బిడ్డ ఎండిపోతూనే ఉంటుంది. యాంటీబయోటిక్ విషయానికొస్తే, పిల్లల్లో నీళ్ల విరేచనాలకు ఎక్కువగా కారణం రోటావైరస్ లాంటి వైరస్‌లే. వాటిపై ఆ మందు పనిచేయదు, పైగా దానివల్లే విరేచనాలు రావచ్చు. విరేచనంలో రక్తం పడినా, కలరా అనుమానం ఉన్నా వైద్యుడు నిర్ణయిస్తారు. నిజంగా ఇవ్వాల్సింది జింకు: ఆరు నెలల లోపు రోజుకు 10 మి.గ్రా., ఆపైన 20 మి.గ్రా., 10 నుంచి 14 రోజులు. మూడో రోజుకే విరేచనాలు తగ్గాయని మానేయడం ఎక్కువగా జరిగే తప్పు.

ఇంట్లోనే చూడగల గుర్తు ఒకటుంది. బొడ్డుకూ పక్కకూ మధ్య పొట్ట చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలితో నిలువుగా పట్టి పైకెత్తి, ఒక సెకను ఆగి వదలండి. మడత పోవడానికి రెండు సెకన్లకు మించి పడితే నీరు బాగా తగ్గిందని అర్థం. బాగా చిక్కిపోయిన పిల్లల్లో ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది, వాళ్లను మొదటి రోజే ఆస్పత్రిలో చూపించాలి. కళ్లు లోతుకు పోయి, బిడ్డ మగతగా పడి ఉన్నా, నోట్లో పోసినది సరిగ్గా తాగలేకపోతున్నా మడత కోసం చూడక్కర్లేదు, వెంటనే బయల్దేరండి. మింగగలిగే స్థితిలో ఉంటే దారిపొడుగునా చెంచాతో ఓఆర్‌ఎస్ పడుతూనే ఉండండి.