శిలాఫలకం లేని చందా

పరాభవ నామ సంవత్సర ఉగాది వేడుకను టెక్సాస్‌లోని మన తెలుగు సంఘం ఈసారి ఒక హైస్కూలు ఆడిటోరియంలో జరుపుకుంది. ఉగాది పచ్చడి పంచారు, పంచాంగ శ్రవణం అయింది, ఎవరి రాశికి ఆదాయమెంతో వ్యయమెంతో అందరం శ్రద్ధగా విన్నాం. ఆ తర్వాత ఇంటి పన్ను తగ్గించుకోవడంపై అరగంట సదస్సు పెట్టారు. ఇక్కడ ఆ పన్నులో పెద్ద వాటా ప్రభుత్వ బడులకే వెళ్తుంది. ఉపయోగకరమైన సదస్సే. పన్ను కోసం ఇళ్ళకు విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్టు లెక్కపై మే 15లోగా అభ్యంతరం ఎలా తెలపాలో, చుట్టుపక్కల ఇళ్ళు ఎంతకు అమ్ముడయ్యాయో ఎలా చూపించాలో వక్త ఓపికగా వివరించారు. చివర్లో మాత్రం, "మన పిల్లల చదువులు అయిపోయాయి కదా, ఇంకా పరాయి పిల్లల బడికి మనమెందుకు కట్టాలి?" అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. మేము కూర్చున్న కుర్చీలూ, అంతకు ముందే మన పిల్లలు కూచిపూడి ఆడిన వేదికా ఆ పన్నుతో వచ్చినవేనన్న సంగతి ఎవరికీ తట్టకపోవడం నన్ను చాలా బాధపెట్టింది.

మా అబ్బాయికి మూడేళ్ళు నిండినా మాటలు రాలేదు. అప్పట్లో నేను హెచ్‌1బి మీద ఉద్యోగం మారే సందిగ్ధంలో ఉన్నాను, డాలస్ దగ్గరి ప్లేనోలో ఒక అపార్టుమెంటులో అద్దెకు ఉండేవాళ్ళం, బయట స్పీచ్ థెరపీ చేయించే స్తోమత మాకు లేదు. ఊళ్ళో ప్రభుత్వ బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్టుకు ఫోను చేయమని పిల్లల డాక్టరు చెప్పారు. మూడేళ్ళు నిండిన పిల్లలకు అవసరం ఉందని తేలితే ఆ సాయం డిస్ట్రిక్టే ఉచితంగా అందించాలని చట్టం ఉన్నట్టు నాకు ఆ రోజే తెలిసింది. దగ్గరలోని ఎలిమెంటరీ బడిలో వారానికి మూడు రోజులు ఒక టీచరు మా వాడితో నేల మీద కూర్చునేది. ఆమె దగ్గర ఒక రింగుకు గుచ్చిన బొమ్మల అట్టలు ఉండేవి. ఇంట్లో తెలుగు మాట్లాడతామని తెలిసి, వాడికి రోజూ వినిపించే పది మాటలు రాసిమ్మని నా భార్యను అడిగి, గ్లాసు బొమ్మ కింద 'నీళ్ళు' అనీ, అరటిపండు బొమ్మ కింద 'పండు' అనీ ఇంగ్లీషు అక్షరాల్లో చీటీలు అంటించుకుంది. ఆ 'ళ్ళు' పలకడానికి ఆమె పడిన అవస్థ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఏడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, బడి ముందు కారు ఎక్కుతూ మా వాడు "అమ్మా, నీళ్ళు కావాలి" అన్నాడు. నా భార్య కారు నడపలేక అరగంట అక్కడే కూర్చుండిపోయింది. వాడిప్పుడు ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు.

తర్వాత కొన్నేళ్ళకు ఇల్లు కొనుక్కున్నాం. పక్కింటి పెద్దాయనకు పిల్లలు లేరు. 1980లలో ఆ వీధికి వచ్చినప్పటి నుంచీ బడి పన్ను కడుతూనే ఉన్నానని మాటల మధ్యలో ఒకసారి చెప్పారు. 65 ఏళ్ళు దాటాక ఆయన బడి పన్ను ఇక పెరగకుండా చట్టం ఆపింది కానీ, కట్టడం ఆయన ఆపలేదు. మా వాడి నోట 'నీళ్ళు' పలికించిన ఆ టీచరు జీతంలో ఆయన కట్టిన డాలర్లు ఉన్నాయి. ఆయనకు మా వాడు పరాయి పిల్లవాడే.

చప్పట్లు కొట్టినవారి బాధ అబద్ధమని నేను అనడం లేదు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కనుక ఆ భారంలో చాలా భాగం ఇళ్ళ మీద పడుతోంది. ప్లేనో ఉన్న కాలిన్ కౌంటీలో మనకొచ్చే బిల్లులో నగరం, కౌంటీ, స్థానిక ప్రభుత్వ కాలేజీ అయిన కాలిన్ కాలేజీ వాటాలన్నీ కలిపినా బడి వాటాయే పెద్దది. ప్లేనో వంటి డిస్ట్రిక్టులు వసూలు చేసిన దానిలో కొంత, పేద డిస్ట్రిక్టులకు సర్దే 'రాబిన్ హుడ్' పద్ధతి కింద 1993 నుంచి రాష్ట్రానికి వెళ్తోంది. శాన్ ఆంటోనియోలోని పేద ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టు తల్లిదండ్రులు పోరాడితే, బడులకు డబ్బిచ్చే పాత పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని రాష్ట్ర సుప్రీంకోర్టు 1989లో తీర్పిచ్చిన ఫలితం అది, దానిని నేను న్యాయమనే అనుకుంటాను. నా ఫిర్యాదు రాష్ట్ర రాజధాని ఆస్టిన్ మీద. ఒక్కో విద్యార్థికి ఇంతని రాష్ట్రం నిర్ణయించే మూల కేటాయింపు 2019 నుంచి ఆరేళ్ళ పాటు 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. మధ్యలో 2023 జనవరిలో 3,270 కోట్ల డాలర్ల మిగులు ఉంటుందని రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే కంప్ట్రోలరే ప్రకటించారు. 2025లో టీచర్ల జీతాలకు నిధులు ఇచ్చిన మాట నిజమే కానీ, ఆ మూల కేటాయింపుకు కలిపింది 55 డాలర్లు. అదే శాసనసభ సమావేశాల్లో ప్రైవేటు చదువుల కోసం 100 కోట్ల డాలర్లు పక్కన పెట్టారు. పిల్లల సంఖ్య తగ్గడం కూడా కారణమే అయినా, ప్లేనోలో 2024లో నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించిన రోజున స్కూల్ బోర్డు ముందు కన్నీళ్ళు పెట్టుకున్న తల్లులను మనలో చాలామంది టీవీలో చూశాం.

సొంత ఇంటి విలువలో బడి పన్ను పడని భాగం, అంటే హోమ్‌స్టెడ్ మినహాయింపు, 2023లో 40 వేల నుంచి లక్ష డాలర్లకు, 2025లో లక్షా 40 వేలకు పెరిగింది. నేనూ లాభపడ్డాను. ఇప్పుడు సొంత ఇళ్ళ మీద బడి పన్నును పూర్తిగా ఎత్తేసే అవకాశం ఓటర్లకు ఇవ్వాలని గవర్నర్ గ్రెగ్ అబాట్ అంటున్నారు. ఆ లోటును రాష్ట్రం పూడుస్తుందంటే, పూడ్చే డబ్బు ఎక్కువగా అమ్మకపు పన్ను నుంచే రావాలి. డైపర్లకు ఆ పన్ను లేకపోయినా పిల్లల చొక్కాలకూ చెప్పులకూ 8.25 శాతం కట్టేది, మా వాడికి మాటలు రాని రోజుల్లో మేమున్నట్టు, అపార్టుమెంట్లలో అద్దెకుండే వాళ్ళే. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే మనవాళ్ళకు ఓటు కూడా లేదు.

మనం పీనాసులం కాము. డిసెంబరు వస్తే అమెరికా తెలుగు సంఘాల పేరున తానా చైతన్య స్రవంతి అనీ, ఆటా సేవా డేస్ అనీ సొంత ఊళ్ళ బడులకు బెంచీలు, కంప్యూటర్లు, మంచినీటి యంత్రాలు ఇస్తూనే ఉంటాం. తెనాలి దగ్గర మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో రెండు గదుల గచ్చుకు నేను డబ్బిచ్చాను. నల్లరాతి ఫలకం మీద మా నాన్నగారి పేరు చెక్కించి, దాని పక్కన నిలబడి ఫోటో దిగాను. అయితే అదే ఊళ్ళో మా పెంకుటింటిని డాబాగా మార్చాక కూడా చాలా ఏళ్ళు పెంకుటింటి లెక్కనే పన్ను కట్టిన కుటుంబం మాది. పంచాయతీ బిల్ కలెక్టరు మూడోసారి వస్తేగానీ నాన్నగారు పెట్టె తీసేవారు కాదు. రసీదులో ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా ఉండేది. "మనింట్లో లైబ్రరీకి పోయేదెవరని?" అని నాయనమ్మ అడిగితే, "వీడు పోతాడుగా" అని నాన్నగారు నన్ను చూపించారు. మా ఊరి శాఖా గ్రంథాలయం లేకపోతే నేను ఇంతదూరం వచ్చేవాణ్ణి కాను. ఆ గ్రంథాలయానికి పన్ను కట్టినవాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు. ఇక్కడి బడి పన్ను కూడా శిలాఫలకం లేని చందాయే.

అందుకే కార్యవర్గానికి నాదొక విన్నపం. పన్ను తగ్గించుకునే సదస్సు ఏటా పెట్టండి, నేనూ వస్తాను. దానితో పాటు మన డిస్ట్రిక్టుల బడ్జెట్‌ను సభ్యులకు విప్పి చెప్పే మరో అరగంట కూడా కేటాయించండి. పౌరసత్వం వచ్చినవాళ్ళు మే నెల మొదటి శనివారం జరిగే స్థానిక ఎన్నికల్లో ఓటు వేయాలి, ఓటు లేని మన పిల్లల పక్షాన కూడా వేయాలి. 2027 జనవరి నుంచి రాష్ట్ర శాసనసభ 140 రోజుల పాటు కూర్చుంటుంది, అప్పుడు మన సంఘం పేరుతో ఒక్క ఉత్తరమైనా ఆస్టిన్ చేరాలి. అంతకంటే ముందు, జూన్ నెలాఖరులోగా మా స్కూల్ బోర్డు వచ్చే ఏటి బడ్జెట్‌పై ప్రజల మాట వింటుంది. మాట్లాడటానికి నేను పేరు ఇస్తున్నాను. మా వాడి బొమ్మల అట్టల్లో ఒకటి, గ్లాసు బొమ్మది, నా దగ్గరే ఉంది, దాన్ని తీసుకెళ్తాను. ఎవరైనా వస్తానంటే నా కారులో మరో నలుగురికి చోటుంది.